గొళ్ళెం బెజ్జం

బతుకమ్మను నీళ్ళల్ల ఇడిసి వారం.
సోమశిల రేవుల పడవ బోర్ల పడ్డది
ఎండకు ఈపు పెట్టి, పనిలేని ఎద్దు లెక్క.

ఇయ్యాల మల్లేపిచ్చిండు కుర్మయ్య మామ.
లోపల నీళ్ళు పొయ్యమన్నడు.
నీళ్ళు రాకుంట జెయ్యమని నిన్ను పిలిస్తే
మమ్ములనే పొయ్యమంటవేంది అని
మా బిచ్చన్న నవ్విండు.
"లోపలి నీళ్ళు ఏడికెల్లి పోతయో
బయటి నీళ్ళు గాడికెల్లే వస్తయి. పొయ్యిరి."

ఇరవై బిందెలు. మోసింది నేనే.
దిమ్మెల మీద నిలవెట్టిన పడవ కింద
మోకాళ్ళ మీద పాకుకుంట చూసిన.
చెక్కకు చెమట పట్టినట్టు
ఒక సుక్క. ఆగి, ఇంకోటి.
సుక్క కాడల్లా ముగ్గుపిండి వేలు అద్దిన.
పదకొండు.

నీళ్ళు తోడి, ఆరవెట్టి
పెద్దపిల్ల పురుటికి కట్టిన నీలిచీర చింపిన.
పేలికలు పేని, గుగ్గిలం ఆముదంల ముంచి
ఉలి మొనతోని సందుల్లకు కుక్కుతుంటె
సుత్తె సప్పుడు అవుతలి గట్టుకు పోయి
తీరుబాటుగ మల్లొచ్చేది.
యూరియా సంచుల తెరచాపకు
బిచ్చన్న దబ్బనంతోని అతుకులేస్తుండె.
తాడు, ఉప్పు, వలలు, రెండు సంచుల నూకలు:
మాఘం ఎల్లేదాక నీళ్ళ మీదనే మా సంసారం.

మల్ల నీళ్ళు పోస్తే మల్ల కారింది.
పన్నెండోది.
యాడున్నదో దొరకదు.
కుర్మయ్య మామ కండ్లు మూసుకోని
పలక పలకా చేతితోని తడుముకుంట పోయి
ముక్కు కాడ ఆగిండు.
"ఇది పడవ చెక్క గాదు గదనే?"

గాదు.
డ్యాం నీళ్ళు వాకిట్లకొచ్చిన నాడు
అందరు గింజలు మోసుకుంటె
మా అత్త తలుపు పీకి నెత్తిన పెట్టుకున్నదంట.
గడప రాలె. అడుగునే ఉండె.
ఆ తలుపే పడవల పలకైంది.
కారేది గొళ్ళెం బెజ్జం.
ఎప్పటి మైనమో, కరిగిపోయి ఉన్నది.

కొయ్యమేకుకు పేలిక సుట్టి
నాలుగు దెబ్బలేసిండు మామ.
ఇంకోటి ఏస్తుండె, నేనే సాలన్న.
ఎందుకన్ననో నాకు తెల్వదు.

రేపు కోడికూతకు గాలి లేస్తది.
రెండో దినం పొద్దుగూకంగ
పాతూరి మీదికెల్లి పోతం.
ఆడ బిచ్చన్న తెరచాప దించుతడు, ఏం మాట్లాడడు.
కింద గడప ఉంటది,
పైన తలుపు పోతుంటది.

కూలి ఇస్తే సగమే తీసుకోని
"కారని పడవ ఉండదు బిడ్డా
తోడే డబ్బ మర్వకురి" అని పోయిండు మామ.

డాల్డా డబ్బ ఎత్తి
పొద్దుకు అడ్డం పట్టి చూసిన.
అడుగున
సూది మొనంత ఎలుగు.