నాలుగో పాత్ర

పరవాడలో రాత్రి రెండున్నర.
ఆరు గాజు కడుపులు వరసగా
ముప్పై ఏడు డిగ్రీల వెచ్చటి తొట్టిలో వేలాడుతున్నాయి.
వీటికి ఆకలి లేదు, అలక లేదు,
నిన్న రాత్రి తిన్న ఎండుచేపల పులుసు లేదు.
తొమ్మిదివందల మిల్లీలీటర్ల నీళ్లు, లెక్క ప్రకారం పులుపు,
నిమిషానికి యాభై చుట్లు తిరిగే తెడ్డు.

ఒక్కోదాంట్లో ఒక్కో బిళ్ల వేశాను.
అడుక్కి చేరింది. అంచులు మెత్తబడ్డాయి.
ఉబ్బి, పగిలి,
బియ్యం కడుగునీళ్లలా మసక.
అది కరగడం కాదు, విడిపోవడమే.
కరగడం ఆ తర్వాత,
కంటికి ఏమీ మిగలని చోట.

చేరిన కొత్తలో దాలినాయుడుగారు
జేబులోంచి పటికబెల్లం తీసి చేతిలో పెట్టారు.
"నోట్లో వేసుకో. నాలిక కదపకు.
పలుకు చుట్టూ దాని తీపే గోడ కట్టుకుంటుంది,
కొత్త నీటిని దగ్గరికి రానివ్వదు.
ఆ గోడను పలచన చెయ్యడానికేనమ్మా తెడ్డు.
పొడి చేస్తే ఇంకా తొందర,
ఒళ్లంతా నీళ్లకి తగులుతుంది గదా."
ఆ సాయంత్రం కంపెనీ బస్సులో
కూర్మన్నపాలెం దాకా నాలిక కదపకుండా కూర్చున్నాను.
నిజమే.
తీపికి తీపే అడ్డం.

గేటు బయట చేపల తట్టతో నూకరత్నం,
ముత్యాలమ్మపాలెం మనిషి.
ఊళ్లో బిళ్లలన్నీ నేనే చేస్తానన్నట్టు నిలదీస్తుంది.
"ఏటమ్మా, మింగి గంటయ్యింది.
నడుం అలాగే పీకతంది.
నా కడుపులో పడి తొంగుందేటి మీ బిళ్ల?"
"ఎలా మింగావు?"
"ఎలాగేటి. చద్దన్నం తినీసి, టీ చుక్కతోటి.
మింగి అలా వాలీసినాను."
నిండు గ్లాసు నీళ్లు తాగమన్నాను,
కాసేపు నిలబడమన్నాను.
నవ్వింది.
"నిలబడే గదా తల్లీ ఈ నొప్పి తెచ్చుకున్నాను."

ఆమె కడుపుకి యాభై చుట్లని ఎవరూ చెప్పలేదు.
వేటకెళ్లిన పడవ పొద్దెక్కినా రాకపోతే
అది తిరగడం మానేస్తుంది.
పులుపు ఒకరోజు పొంగుతుంది, ఒకరోజు చప్పబడుతుంది.
మా కాగితాల్లో అలాంటి గడి లేదు.

ముప్పై నిమిషాలు.
ఆరింట్లోంచీ నీళ్లు తీసి, వడగట్టి, యంత్రానికి చూపించాను.
తొంభై రెండు. తొంభై. తొంభై మూడు.
డెబ్బై ఒకటి.
మిగతా రెండూ తొంభై పైనే.

వంగి చూశాను.
నాలుగో పాత్ర అడుగున, సరిగ్గా తెడ్డు కింద,
చీమలు పెట్టిన మట్టంత కుప్ప.
అంత తిరిగే నీళ్ల నడుమ
ఒక కదలని చోటు.

కింద ప్రెస్సు దగ్గర సన్యాసిరావు చెప్పాడు:
ఈ వానలకి అంచులు రాలుతుంటే ఒత్తిడి కొంచెం పెంచాడట.
గట్టి బిళ్ల చూడ్డానికి బాగుంటుంది.
డబ్బాలో విరగదు, లారీలో విరగదు,
విరగాల్సిన చోటా విరగదు.

ఫోన్లో దాలినాయుడుగారు, నిద్ర గొంతుతో:
"ఆరింటికి లారీ పోర్టుకెళ్లాలమ్మా.
ఒక్కటే గదా. గాలిబుడగ అయ్యుంటది.
ఆ ఒక్కటీ మళ్లీ వేసి చూడు, అదే రాసీ."
నేనేం మాట్లాడలేదు.
ఆయనా కాసేపు మాట్లాడలేదు.
పటికబెల్లం ఆయనకి గుర్తొచ్చిందో లేదో,
"సరే, నీ ఇష్టం" అని పెట్టేశారు.

డెబ్బై ఒకటి అనే రాశాను.
పక్కన టైము, సంతకం.
రూలు ప్రకారం ఇంకో ఆరు బిళ్లలు.
పాత్రలు కడిగాను. నీళ్లలో గాలి పోయేదాకా వేడి చేశాను.
కిటికీలో స్టీల్‌ప్లాంటు వైపు ఆకాశం
ఎవరో ఊదుతున్న కుంపటిలా ఉంది.

తెడ్లు మొదలయ్యాయి.
ఏడు నుంచి పన్నెండు దాకా ఇక్కడే.
పదమూడోది తెల్లారాక గేటు బయట
తట్ట దించి,
నడుం మీద చెయ్యేసుకుని,
నీళ్లసీసా మూత తీస్తుంది.