అడుగు రంగు

ఆటు మొదలైన గంటకు
నాన్న మోకాళ్ళ మీద కూర్చుంటాడు,
చర్చిలో కూడా అలా కూర్చోని మనిషి.

షెట్లాండ్‌లో ఏప్రిల్. గాలి
చెవి మెలిపెట్టి మరీ మాట్లాడుతుంది.
నోటుబుక్కు నా చేతిలో. ఆయన వేలితో చూపిస్తాడు:
"ఇదొకటి. ఇదొకటి. ఇది కాదు, గులకరాయి."

కుక్కనత్త అంటారు దీన్నిక్కడ.
తెలుపు, పసుపు, ఒక్కోదానికి ఊదా చార.
ఆల్చిప్ప మీదెక్కి కూర్చుందంటే
రెండు రోజులు లేవదు. నాలుకే ఆకురాయి.
గీకుతుంది, ఏదో రసం పూస్తుంది, మళ్ళీ గీకుతుంది.
సూదిబెజ్జమంత దారి పడ్డాక
లోపలున్నదాన్ని పులుసు చేసుకుని తాగేస్తుంది.
ఆల్చిప్పలూ తక్కువ తినలేదు,
దారాలు వేసి ఒక్కోసారి దొంగను రాతికి కట్టేస్తాయి.
అది అక్కడే ఆకలికి చస్తుంది.
నాన్నకు ఈ సంగతి చాలా ఇష్టం. ఎవరొచ్చినా చెబుతాడు.

చెప్పనిది ఇంకోటుంది.

ఈ రేవులో ప్రతి పడవ అడుగుకీ
ఏళ్ళ తరబడి రంగు వేసింది
గిబ్బీ యూన్సన్, మా నాన్న.
ఎర్రటి రంగు. నాచు పట్టదు, బార్నకిల్ అంటదు,
పడవ సబ్బుముక్కలా జారిపోయేది.
డబ్బా మీద కంపెనీ పేరు, కింద చిన్నక్షరాలు.
శుక్రవారం శుక్రవారం జీతం చేతికొస్తుంటే
చిన్నక్షరాలు ఎవడు చదువుతాడు?

ఆ రంగు కొంచెం కొంచెంగా నీళ్ళలోకి దిగింది.
ఆడనత్తలకు మగ అంగం మొలిచింది.
గుడ్డు బయటికొచ్చే దారి పూడుకుపోయింది.
కడుపులో గుడ్లతోనే చచ్చాయి.
రాళ్ళు బోసిపోయాయి. నత్తలు పోయాయని
ఏ ఊళ్ళో గంట కొడతారు?

ఆ రంగు మానేసి చాలా కాలమైంది.
పీతపిల్లలైతే అలల మీద ఎక్కడినుంచో కొట్టుకొస్తాయి.
దీని పిల్లలకు ఈత లేదు.
వడ్లగింజల్లాంటి తిత్తులు వదిలి
పాకుతూనే పుడతాయి.
పక్క రేవునుంచి ఈ రేవుకి
నడిచే రావాలి. మధ్యలో ఇసుక,
పట్టు దొరకని ఇసుక.
నత్తనడక అని మనం నవ్వుకుంటాం.

"నలభై మూడు," అన్నాను. పోయినేడు పదకొండు.

నాన్న ఏమీ అనలేదు. వంగి
రాతి పగులులోకి చూస్తూ ఉండిపోయాడు.
లోపల పచ్చని గింజలు, ఒక గుప్పెడు, నిలబెట్టినట్టు.
టోపీ తీసి
వాటికి గాలి తగలకుండా అడ్డం పెట్టాడు.

సముద్రంలో ఉండేవాటికి గాలి ఏం చేస్తుంది నాన్నా
అని నేను అడగలేదు.
పోటు మొదలైంది. ముందు టోపీ తడిసింది.