కారణం గడి

పట్టికలో నలభై ఏడో వరుస:
గెఫ్రైటర్ ఒట్టోకార్ బ్రేమె. ఇనుప శిలువ, రెండో తరగతి.
అక్టోబరు, ముప్పైతొమ్మిది.
ఎందుకిచ్చారన్న గడిలో
టైపుమిషను ఒక గీత గీసి ఊరుకుంది.

ఇల్మెనావ్‌లో ఆయన కూతురు వాల్ట్రౌట్
గుండీల డబ్బా బోర్లించి వెతికింది.
"రిబ్బనా? అమ్మ చిక్కుడు తీగకు కట్టేసింది.
రెండు వానలకే మూడు రంగులూ ఒకటైపోయాయి."

శిలువ నడిమి గుర్తును ఎవరో ఆకురాయితో అరగదీశారు.
భూతద్దంలో కడియం మీది అంకె చూసి
ఏ కార్ఖానాదో టక్కున చెప్పేశాను.
ఆవిడ నవ్వలేదు.

"పోలండ్ అంటే నాన్న గుర్రాల గురించే చెప్పేవాడు,
అవి ఎలా అరిచాయో.
మనుషుల మాట ఎత్తేవాడు కాదు."

తిరుగు బస్సులో, ఆ ఖాళీ గడిలో
గుర్రాలు అని రాసి,
కొట్టేసి,
పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నాను.