చక్రం ఎటు తిరిగింది

ఎయిబార్‌లో ఆదివారం మధ్యాహ్నాలు వాన పడుతుంది.
పడని రోజున మైషాబెల్ అత్త కిటికీ మూసేసి
పడుతున్నట్టే కూర్చుంటుంది.
రిమోట్ నా చేతిలో, చూపు ఆవిడది.

"ఆపు," అంటుంది. ఆపుతాను.
తెర మీద ఒకడు తలుపు చాటున సగం, వెలుతుర్లో సగం.
వాడెవడో, ఎవరి కోసం కాచుకున్నాడో ఆవిడకి పట్టదు.
"గొట్టం కింద ఆ పుల్ల చూడు.
కొస గాల్లో వేలాడుతుంటే కోల్ట్.
కొసని చిన్న ముక్కు పట్టుకునుంటే స్మిత్.
అదీ కనబడకపోతే గుర్రం లాగనీ,
చక్రం ఎటు తిరుగుతుందో చూడు,
కుడికా, ఎడమకా."
తర్వాత వాడు చచ్చిపోతాడు.
ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటుంది.

పధ్నాలుగో ఏట ఆకురాయి పట్టింది,
ముప్పై ఒక్కేళ్ళు వదల్లేదు.
తుపాకుల ఊరు మాది.
తర్వాత సైకిళ్ళు చేసింది, కుట్టుమిషన్లు చేసింది,
ఇప్పుడు ముసలివాళ్ళని చేస్తోంది.
మా వీధి షెడ్డుల్లో పుట్టినవాటికి
మొహం ఒకరిది, ఎముక ఇంకొకరిది:
పైకి చూస్తే అచ్చం స్మిత్,
గొళ్ళెం మాత్రం కోల్ట్‌లా వెనక్కి లాగాలి.
"దొంగ సరుకేగా అత్తా?" అన్నానొకసారి.
"మేనమామ పోలిక వస్తే పిల్లాడు దొంగవాడా?"

గుర్రాల సినిమా ఒకటి.
మొదట్లోనే ఏడాది వేశాడు, పద్దెనిమిది వందల అరవై ఐదని.
నాయకుడు ఒర తడిమాడు, బయటికి తీశాడు.
ఆవిడ గిన్నె కింద పెట్టి
దగ్గొచ్చేదాకా నవ్వింది.
"డెబ్భై మూడో మోడలురా అది!
పుట్టకముందే కుళ్ళాయి కుట్టించారు."

నేనొక నోటుబుక్కు పెట్టాను.
నలభై ఒకటో నిమిషం. వంటమనిషి చేతిలో. నాలుగంగుళాల గొట్టం, పిడి మార్చారు.
గంటా ఆరు. తెలీదు, చెయ్యి అడ్డం.
అదే సినిమా, చివర. అత్త నిద్రపోయింది.
ఇంకోచోట ఒక్క మాట: రబ్బరు.
"ఎలా చెప్పావు?"
"మణికట్టు చూడు.
ముప్పావు కిలో పైమాట మోసే చెయ్యి
అలా పువ్వు పట్టినట్టు వంగదు.
పాపం, భయం బాగానే నటించాడు,
బరువు నటించడం మరిచిపోయాడు."

అక్టోబరులో, నిజంగానే వాన పడుతున్న రోజు,
పాత నలుపు తెలుపు బొమ్మ.
ఒక గుమాస్తా సొరుగు లాగాడు.
కాగితాలు, తాళంచెవి, సిరాబుడ్డి,
పక్కన పడుకుని ఒక రివాల్వర్.
మూడు సెకన్లు. ఎవరూ ముట్టుకోలేదు.
"ఆపు."
ఆపాను.
"వెనక్కి."
నాలుగుసార్లు వెనక్కి.

గిన్నె పక్కన పెట్టి తెర దగ్గరికెళ్ళింది.
మీట చుట్టూ ఉండే ఇనుప వంపు మీద వేలు పెట్టింది.
అద్దం మీద వేలి మచ్చ.
"ఇక్కడ గుండ్రంగా ఉండాలి.
చదునుగా లేదూ?
బొటనవేలు చితికిన చలికాలం నాది.
ఆకురాయి నిలవక ఎడమవైపు ఇలా చెక్కుకుపోయేది.
మేస్త్రీ బిత్తోర్ చూసి, చూడనట్టు
డబ్బాలో వేసేవాడు.
రెండొందల పైచిలుకు వెళ్ళాయి అలా."

ఆవిడ నావైపు తిరగలేదు.
"ఇందులో దాన్ని ఎవరైనా తీస్తారా?"
ఇంకా గంట సినిమా ఉంది, నేను చూడలేదు.
"తియ్యరు," అన్నాను.

"ఇదొకటి సొరుగులోకి చేరింది,"
అని, మిగతా లెక్క
పైకి చెప్పకుండా వేళ్ళ మీద వేసుకుంది.
చితికిన వేలు దగ్గర ఆగిపోయింది.

నోటుబుక్కులో నిమిషం రాశాను.
ఎవరి చేతిలో అన్నచోట గీత గీశాను.
ఏ రకం అన్నచోట
కలం పెట్టి, తీసేశాను.

"ఆ సొరుగు తెరిచినవాడు," అంది అత్త,
ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగనిది,
"వాడి మొహం చూపించు."

నొక్కాను.
కెమెరా సొరుగు మీదే నిలబడింది.
బొమ్మ కదులుతోంది,
మొహం ఇంకా రాలేదు.