సిటికెన పుల్ల

మొగిలి ఒక్కటే కొడతడు.
తెర మీద రెండు పడతయి.

ముందు నిండు గింజ,
దాని నడుముకు ఆనుకొని తాలు గింజ.
నడుమ ఎడం ముప్పై మిల్లీ సెకండ్లు,
కనురెప్ప సుత అంత జల్ది వాలదు.

"నేనైతే ఒక్కటే కొట్టిన" అంటడు
దొంగతనం మోపినట్టు రెండు చేతులు చూపెట్టి.
"నువ్వు కాదన్నా, ప్యాడు."
వల కింద నురుగు, నురుగు కింద ఇత్తడి బిళ్ల,
దెబ్బకు వణుకుతది.
వణుకు సద్దుమణగక ముందే
మాడ్యూల్ దాన్ని ఇంకో దెబ్బని రాసుకుంటది.
బెదిరిన మనిషి సాక్ష్యం లెక్క
చూసింది ఒకటి, చెప్పేది రెండు.

కాజీపేట. జిరాక్స్ దుకాణం మీది గది.
గోడలకు గుడ్ల అట్టలు,
మే నెల, ఫ్యాన్ బంద్.
ఫాతిమానగర్ పోరగాళ్లు అగ్గువకు అమ్మిన కిట్టు,
స్నేర్ స్టాండుకు బోల్టు లేక సైకిల్ ట్యూబు చుట్టిన.
గూడ్సు పోయినప్పుడల్లా
ఎవ్వరూ ముట్టని టామ్ ఒక నోటు రాస్తది,
వెలాసిటీ నాలుగు.
బొగ్గు బండికి సుత కూలి ఇయ్యాల్నేమో.

త్రెషోల్డ్ పెంచిన, రైలు పోయింది.
మొగిలి మెత్తగ తాకినవన్నీ
దాని ఎనకాల్నే పోయినయి.
తగ్గించిన, రైలు మళ్ల ఎక్కి కూసుంది.

"వదులైతే తోలు గిట్లనే జంట పలుకుతది,
జర మంటకు కాపాలె" అని
గదిల పొయ్యి కోసం చూసిండు.
ఇది తోలు కాదన్నా, కాలిపోతది.
చావి పెట్టి ఆరు మరలు తిప్పుతుంటే
ఏలితోని తట్టి, చెవి ఆనించి,
"ఇంకో సుట్టు" అన్నడు. "గీడ కాదు, గా పక్క."
సగానికి సగం తాలు అప్పుడే ఎగిరిపోయింది.

మిగిలినదానికి మాస్క్ టైమ్.
దెబ్బ పడ్డంక ఇంత సేపు
ఏమీ వినకు అని యంత్రం చెవులు మూసుడు.
ఎనిమిది. పదహారు. ముప్పై రెండు.
నలభై ఐదు కాడ తెర మీద
చెరిగిన చాట లెక్క ఒక్కొక్కటే గింజ.
సంబురపడ్డ. రెండు ఛాయ్‌లు తెప్పించిన.

మూడో టేకు ఇనుకుంట ఇనుకుంట
మొగిలి హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లె పెట్టుకున్నడు.
"నా సిటికెన పుల్లేది?"

కుడిచేతి సిర్ర ఎనకనే
ఎడమచేతి సన్న పుల్ల
అంటీ అంటనట్టు పడతది.
డప్పు మీద పడ్డట్టే ఈ వల మీద పడ్డది.
నేనే దాన్ని మొండి గింజల్ల కలిపి పారబోసిన.
"మా నాయిన గది నేర్పెతందుకు
రెండు ఎండకాలాలు పట్టింది" అన్నడు.
కోపంతోని కాదు. ఛాయ్ మాత్రం తాగలే.

చెవులు మూయకముందటి రెండో టేకు తెరిచిన.
తాలు మూడు వందల పన్నెండు.
ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి
రాళ్లు ఏరినట్టు ఏరినం.
ప్యాడు అబద్ధం ఎప్పుడూ ముప్పై మీదనే,
ఇటు ఒకటి, అటు ఒకటి.
మొగిలి పుల్ల ఇరవై ఆరు, నలభై ఒకటి, ముప్పై ఏడు,
చరణం మొదట్ల దూరం దూరం,
ఊపొచ్చినకొద్ది దగ్గర దగ్గర.
"తీయి" అంటడు. "ఉంచు" అంటడు.
"గది నాదే, గప్పుడు బీడీ యాదికొచ్చింది."

డెబ్బై నాలుగో బార్ కాడ ఆగినం.
ముప్పై ఒకటి. వెలాసిటీ తొమ్మిది.
ఆయనది కావచ్చు, ప్యాడుదీ కావచ్చు.
పదిసార్లు ఇన్నం.
బల్లార్షా దిక్కు బండి పోయింది,
అద్దం గ్లాసుల సల్లారిన ఛాయ్ మీద వలయాలు లేచినయి.
"గాయనదేమో" అన్నడు పట్టాల దిక్కు గదుమ చూపి,
ఆఖరికి నవ్విండు.

అది తీయలే.
పాట పోయి నెలైంది, పైసలు సగమే వచ్చినయి.
ఆ బార్ వచ్చినప్పుడల్లా
సౌండు జర పెంచి ఇంట.