బంజేయకు

తాళం తిప్పితే టిక్కుమంటది. గంతే.
ఎనక పద్దెనిమిది బస్తాల పల్లికాయ,
జడ్చర్ల యార్డుల పదింటికే బీటు.

"లైటేసి తిప్పు సుగుణక్కా" అన్నడు జాంగీరు.
ఎలుగు సన్నగిల్లలే.
"బ్యాటరీ మంచిగనే ఉన్నది."
నేను తాగంగ మిగిలిన చాయతోని
టర్మినల్ మీది ఉప్పు కడిగిండు.
మళ్ల టిక్.

బండి కిందికి దూరి
స్టార్టరును పానాతోని మెల్లెగ తడుతుండు,
పాలు కక్కే పిల్లకు ఈపు తట్టినట్టు.
"ఇగ తిప్పు!"
డుర్రుమన్నది.
"ఇంటికి పోయేదాంక బంజేయకు మల్ల."

యార్డుల
నిలబడ్డ కాడనే డీజిలు తాగుతున్నది బండి.
సేటు చెప్పిన ధర అడ్డికి పావుశేరు.
ఇంకోనాడైతే ఆగేదాన్ని.
తలకాయూపిన.

ఇంటికాడ బంజేసిన.
వాడకట్టుల సప్పుడు లేదు.
తాళం మీద చెయ్యి అట్లనే ఉన్నది.
తిప్పి సూడలే.