జారిపడుట

రేవు ఆఫీసు రిజిస్టరుకి నీలిగుడ్డ అట్ట.
ఉప్పుగాలికి కాగితాల అంచులు
కాల్చిన అప్పడాల్లా వంకర్లు పోయాయి.
"లెక్కలకేగా వచ్చావు, చూసుకో"
అని నా ముందుకు తోశాడు గోల్వెన్,
పైపులో పొగాకు కూరుకుంటూ.

నేను రెన్ యూనివర్సిటీ నుంచి వచ్చాను.
సంచిలో మూడువందల కార్డులు, చిల్లులు పొడిచే చేతిమిషను,
ప్రొఫెసరు అప్పజెప్పిన ఒక్క వాక్యం:
మనిషి చెప్పేది వద్దు, మనిషికి జరిగింది పట్టుకురా.
అప్పుడు నాకు ఇరవయ్యారు.
ఆ వాక్యం కడిగి బోర్లించిన గాజుగ్లాసులా ఉండేది.
దాన్లో ఏం పోసినా నీళ్లే అనుకునేదాన్ని.

మునిగి పోయినవాళ్లు, ఊరివారీగా, ఏటివారీగా.
ప్రమాదమా. తనకు తానా. తెలియదా.
కార్డుకి మూడు గళ్లు, ఒకదానికే చిల్లు.
బ్రిటనీ తీరమంతా తిరిగి తేల్చాల్సింది ఇదీ:
చర్చిగంట బాగా వినబడే ఊళ్లలో
తమంతట తాము పోయేవాళ్లు తక్కువని.
పదహారు ఊళ్లు చూశాను. తక్కువే.
గీత చేపముల్లులా నిటారుగా వస్తోంది.

పదిహేడోది పోర్స్‌గ్వెన్.
సార్డీన్ల ఫ్యాక్టరీ మూతపడిన చలికాలం
పదకొండుమంది.
పదకొండుకీ ఒకే సిరా, ఒకే మాట: జారిపడుట.
"ఆ ఏడు మెట్లకి అంత నాచు పట్టిందా?" అన్నాను.
ఎకసెక్కం కాదు, నిజంగానే అడిగాను,
నాచుకీ ఒక గడి పెడదామని.

గోల్వెన్ చాలాసేపు పలకలేదు.
తర్వాత ఒక పేరు మీద వేలుంచాడు, మావ్‌దెజ్ కెర్‌వెల్లా.
"ఇతని బూట్లు పైమెట్టు మీద దొరికాయి.
పక్కపక్కన. లోపల మేజోళ్లు మడతపెట్టి.
జారిపడేవాడు బూట్లు విప్పి జారతాడా అమ్మాయ్?"

"మరి ఈ మాట..."

"రాసింది నేనే.
ఆ రాత్రి ఫాదరు టోపీ చేత్తో పట్టుకుని
నా గుమ్మంలో నిలబడ్డాడు.
ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.
తెల్లారి ప్రహరీ లోపలే గొయ్యి తవ్వారు."

పదహారు ఊళ్ల గీత నా చేతిలో మెత్తబడింది.
గంట బాగా వినబడేచోట
చావు తక్కువ కాదేమో,
గుమాస్తా చెయ్యి మెత్తనేమో.
దీనికీ రుజువు లేదు.
ఒక ఊరు, ఒక ముసలాడు, ఒక జత బూట్లు.
పిట్టకథ అంటారు మా ప్రొఫెసరు, తల ఎత్తకుండానే.

సాయంత్రం మావ్‌దెజ్ భార్య ఎనోరా ఇంటికి వెళ్లాను,
అంకెలు చెప్పనిది మనుషులైనా చెబుతారని.
నల్లగోధుమ పిండి గరిటెతో పెనం మీద పరుస్తోంది.
"ఎందుకంటావా? మా అక్కకి అప్పులని చెప్పాను.
ఫాదరుకి నడుంనొప్పని చెప్పాను.
పిల్లాడికి అల పెద్దదని చెప్పాను.
నీకేది కావాలి?"
అట్టు తిరగేసింది.
"మూడూ నిజాలే. మూడిట్లోనూ ఆయన లేడు."

నోటుబుక్కు తెరవనేలేదు.

బయట ఆరయింది. సైరను కూయలేదు.
కూయని సైరనుకి వీధంతా తలలెత్తి దించుకుంది,
అలవాటు ఇంకా చావలేదు.
ఆ నిశ్శబ్దానికి ఏ రిజిస్టరు?
ప్యారిస్‌లో ఎవరో ఒక సంతకం గీకితే
ఇక్కడ కాళ్లకింద నేల కదిలింది.
గోల్వెన్ అబద్ధమనుకుని రాసిన మాట
ఎంత సరైనదో అతనికి తెలుసో లేదో.

లాడ్జిలో దీపం కింద కార్డు పెట్టాను.
మిషను రెండో గడి మీద ఆగింది.
చల్లారిన కాఫీ మీద మీగడ కట్టేదాకా ఆగింది.
చివరికి మొదటి గడిలోనే పొడిచాను,
పదకొండుసార్లు.
ప్రొఫెసరు గీత నిలబడింది. పుస్తకమూ వచ్చింది.
పేజీ అడుగున నేను రాసిన బూట్ల వాక్యం
అచ్చులో లేదు.

మర్నాడు బస్సు దగ్గర ఎనోరా కొడుకు ఎదురయ్యాడు.
పన్నెండేళ్లుంటాయి. తండ్రి బూట్లు,
ముందువైపు గుడ్డపేలికలు కుక్కుకుని, టపాటపా.
ఒక కాలు బస్సు మెట్టు మీద పెట్టి
నా పెట్టె పైకి అందించాడు.
అడుగు మీద అంకె ఇంకా అరగలేదు.
నలభైమూడు.
అది మాత్రం వంగి, నా కళ్లతో చూశాను.